యేసేపు బొటనవేలు

ఆదోనిలో పత్తి మిల్లుల వెనక సందులో వడ్రంగి యేసేపుకు ఒక బండల కొట్టం ఉండేది. అక్కడ తయారైన తలుపును ఊళ్ళో ఎవరైనా ఒక్క చూపులో గుర్తుపట్టేవాళ్ళు. అందంగా ఉంటుందని కాదు. నగిషీ పని అతనికి రాదు, వచ్చినట్టు నటించడమూ రాదు. కానీ ఆ తలుపులో సందు ఉండదు. పలకకూ పలకకూ మధ్య సూదిమొన కూడా దూరదు. "యేసేపు సేసిన మంచంలో నల్లులు కాపురం పెట్టలేవప్పా, పాపం, వాటికి గదులు లేవు" అని మిల్లు కూలీలు నవ్వుకునేవాళ్ళు.

అంత పట్టింపు ఊరికే రాలేదు. యేసేపు పుట్టు వడ్రంగి కాదు. తండ్రి హాలహర్వి పక్క చేలల్లో కూలి చేసి, అక్కడే నడుము వంగిపోయి, అక్కడే పోయాడు. మిషనువాళ్ళు కొడుకును చేరదీసి చేతికి బాడిశ ఇచ్చారు. పందొమ్మిదో ఏట యేసేపు తన మొదటి తలుపు చేసి, నెత్తిన పెట్టుకుని ఒక వర్తకుడి ఇంటికి మోసుకుపోయాడు. ఆ పెద్దమనిషి అరుగు దిగలేదు, తలుపును చేత్తో ముట్టలేదు. నోట్లో నములుతున్న వేపపుల్లను తీసి అతుకులో గుచ్చాడు. పుల్ల నిలబడింది.

"మీ పనితనం ఇంతేలే" అన్నాడు.

ఆ 'మీ'లో యేసేపు ఒక్కడే లేడు. అతని తండ్రి ఉన్నాడు, తాత ఉన్నాడు, వాడ వాడంతా ఉంది. ఆ తలుపునే ఆయన ఇంటికి పెట్టించుకున్నాడు, దాని వెనకే హాయిగా నిద్రపోయాడు. అది వేరే సంగతి. యేసేపుకు మాత్రం ఆ పుల్ల ఇరవై ఏళ్ళు గడిచినా అక్కడే నిలబడి ఉంది.

అప్పటినుంచి ఏ వస్తువు చేసినా చివర ఒక పని చేసేవాడు. సరేసు కాచేవాడు. సరేసంటే తోళ్ళు ఉడకబెట్టి తీసే బంక. నానబెట్టి వేడిచేస్తే బెల్లప్పాకంలా కరుగుతుంది, ఆరితే రాయి. దాంట్లో రంపపు పొట్టు కలిపి, కుడి బొటనవేలితో ప్రతి అతుకు మీదా రుద్దేవాడు. సందు ఉన్నా రుద్దేవాడు, లేకున్నా రుద్దేవాడు. రుద్దీ రుద్దీ ఆ వేలు గోధుమరంగుకు తిరిగి, గీతలు చెరిగి, నున్నగా అయిపోయింది.

వీధికి అవతలి పక్క సిద్దప్ప ఉండేవాడు. తాతల నాటి వడ్రంగం. మంచి పనిమంతుడు, నోరు మాత్రం మంచిది కాదు.

"ఏమప్పా యేసేపా, కొయ్యకంటే బంకే ఎక్కువ పోస్తాండావే. సేసేది తలుపా, పాయసమా?"

"నీకొక గిన్నెడు పంపిస్తాలే సిద్దప్పన్నా. నీ పండ్లు అతుక్కుంటే వీధికంతా నిమ్మళం."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఒకరింట్లో ఒకరు నీళ్ళు తాగేవాళ్ళు కాదు గానీ, నవ్వడానికి అడ్డేమీ లేదు.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా వదిలి కర్నూలు జిల్లాలో చేరిన మరుసటేడు, జొన్న కోతలకు ముందు, ఒకనాటి పొద్దున ఎమ్మిగనూరు బస్సు దిగి ఏసన్న వచ్చాడు. ఏసన్న యేసేపు భార్య దానమ్మకు చిన్నాయన. అరవై దాటిన మనిషి, సన్నగా, చువ్వలాగా ఉంటాడు. భుజాన గోనెసంచిలో చుట్టిన గిటారు ఉంది.

ఆ గిటారు కథ ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఏసన్న వయసులో ఉన్నప్పుడు గుంతకల్లులో ఒక రైలు డ్రైవరు దొర ఇంట్లో వంటమనిషి. దొర సాయంత్రాలు వాయిస్తుంటే వంటింటి గడపలో కూర్చుని చూసేవాడు. చూసి చూసి ఒకరోజు, దొర డ్యూటీలో ఉండగా, తీసి వాయించాడు. దొర తిరిగొచ్చి వాకిట్లో నిలబడి విన్నాడు, తిట్టలేదు. దేశం వదిలి పోతూ పోతూ ఆ గిటారును వంటమనిషి చేతిలో పెట్టి పోయాడు. దొరలు చేసిన మంచి పనుల్లో అదొకటి. లెక్కపెట్టడం సులభమే.

అప్పటినుంచి ఏసన్న గూడూరు మొదలు హాలహర్వి దాకా కాలినడకన తిరుగుతూ ప్రార్థన కూటాల్లో పాడేవాడు. జీతం లేదు, పెట్టినచోట తినడం, పెట్టనిచోట పాడి పడుకోవడం. అక్షరం రాని జనం అతని నోటినుంచే పాటలు నేర్చుకున్నారు. గిటారును వాళ్ళు 'దొర తంబూర' అనేవాళ్ళు.

"ఏమి మామా, ఇంత ఎండలో? కబురు సెప్పింటే నేనే వచ్చుందును గదా" అంటూ యేసేపు లేచి పీట వేశాడు.

"కాళ్ళు బాగుండాయి అల్లుడా. కండ్లే, మాట వినేది లేదు." ఏసన్న సంచి విప్పి గిటారును ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ మెడ సూడు. దీని మీద పలక నల్లది. ముందు యాడేడ వేలు పెట్టాలో తెలిసేదానికి ఆలిచిప్ప సుక్కలుండె. అన్నీ రాలిపోయినాయి. నా కండ్లకు ఇప్పుడిది బొగ్గు. చెయ్యి యాడుండాదో నాకే తెలీదు. పోయిన ఆదివారం పాట ఒక దారిన పోయె, నేనొక దారిన పోతి. పిల్లోళ్ళు నవ్వినారు."

"నవ్వితే నవ్వినార్లే మామా."

"నేనూ నవ్వినా. సంగం పెద్దలు నవ్వలేదు." ఏసన్న గొంతు కాస్త తగ్గింది. "ఎమ్మిగనూరు ప్రార్థన గుడికి హార్మోనియం వచ్చింది. బడి అయ్యవారు వాయిస్తాడు. కోతల పండగనాడు నన్ను ఒకసారి పాడనిస్తారంట. ఆ పొద్దు గూడా తప్పితే ఇంక నన్ను విశ్రాంతి తీసుకోమన్నారు. మర్యాదగానే సెప్పినారులే. విశ్రాంతి అంటే ఏందో నీకు నేను సెప్పాల్నా? మూతేసి మేకులు కొట్టేవోనివి నువ్వే గదా."

యేసేపు శవపెట్టెలు కూడా చేస్తాడు. అతనికి నవ్వు రాలేదు.

"పండగ ఎప్పుడు?"

"ఇంకా పద్నాలుగు దినాలుండాయి."

"తెల్ల ఎముక పొదుగుతా మామా. సుక్కలు గాదు, చింతగింజంత. పొదిగినట్టే తెలీకుండా పొదుగుతా."

"తెలియాల్రా అప్పా! తెలిసేదానికే గదా నేనొచ్చింది" అన్నాడు ఏసన్న. ఆ రోజు ఇద్దరూ నవ్విన నవ్వు అదొక్కటే.

బర్రె ఎముక తెచ్చి, సున్నపునీళ్ళలో ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆకురాయితో అయిదు బిళ్ళలు చేశాడు యేసేపు. పాలమీగడ తెలుపు వచ్చింది. ఇక గిటారు. మెడ మీద నల్లపలక ఇనుములాగా గట్టిది. దానికి అడ్డంగా సన్నటి గాళ్ళు కోసి, ఒక్కో గాడిలో ఒక్కో ఇత్తడి మెట్టు దిగ్గొట్టారు. వేలు ఎక్కడ నొక్కితే ఏ స్వరం పలకాలో చెప్పేవి ఆ మెట్లే. బిళ్ళలు పొదిగాక పైన గాజుపెంకుతో గీకి చదును చేయాలి కాబట్టి, మెట్లు అడ్డం వస్తాయని ముందు వాటిని జాగ్రత్తగా పీకి, వరస తప్పకుండా ఒక గుడ్డలో గుచ్చిపెట్టాడు.

మెడ మధ్యలో, ఆరో గాడికీ ఏడో గాడికీ నడుమ, మొదటి బిళ్ళకు గుంట తవ్వాడు. బిళ్ళ గుంటలో కూర్చున్నాక నలుపుకూ తెలుపుకూ మధ్య వెంట్రుక పట్టలేదు. సిద్దప్ప చూసుంటే బాగుండునని అనుకున్నాడు. సరేసు పోసి బిళ్ళను అదిమాడు. చుట్టూ బంక ఉబికింది. మిల్లుల పత్తిదూది ఎప్పుడూ ఆ వీధి గాల్లోనే ఉంటుంది, దాని మీద వాలబోయింది. యేసేపు గబగబా తుడిచాడు. తుడవడం అయిపోయింది, ఆ వేలు మాత్రం ఆగలేదు. పొట్టులో అద్దుకుని, బంకలో అద్దుకుని, బిళ్ళ చుట్టూ, దాని అటు గాడి మీదా ఇటు గాడి మీదా, ఇరవై ఏళ్ళుగా రుద్దినట్టే రుద్దింది. మనిషి మనసు వేరే చోట ఉంది. ఏసన్న పాడుతుంటే ఎమ్మిగనూరు పెద్దలు తలలూపడం చూస్తూ ఉన్నాడు. పని ముగించి, చేతులు కడుక్కుని, సంగటి ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

మరుసటి పొద్దున ఆరో మెట్టు తీసి, సరిపోతుందో లేదోనని గాడిలో పెట్టి చూశాడు. దిగలేదు. సుత్తితో మెల్లిగా తట్టాడు. మెట్టు పక్కకు జారింది. వంగి చూస్తే గాడి లేదు. ఏడోదీ లేదు. రెండూ పలకలో కలిసిపోయి నున్నగా ఉన్నాయి. అతని జీవితంలోకెల్లా మంచి పని అది.

పాత రంపపు ఆకు ముక్క తీసుకుని ఏడో గాడిని గీకడం మొదలుపెట్టాడు. బంక రాయిలాగా ఉంది. కొంచెం బలం చేశాడు. బంక వచ్చింది, దాంతో పాటు నల్లకొయ్య కూడా వచ్చింది. ఇప్పుడు మెట్టు పెడితే గాడిలో ఊగుతోంది. తీగ బిగించి, అక్కడ నొక్కి మీటాడు. సీసాలో పడిన తేనెటీగలాగా 'జర్ర్' అంది.

ఎప్పుడొచ్చాడో సిద్దప్ప వాకిట్లో నిలబడి ఉన్నాడు. హేళన చేస్తాడని యేసేపు తల ఎత్తలేదు.

సిద్దప్ప హేళన చేయలేదు. గిటారు మెడను కండ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బిళ్ళ బాగా కూర్సోబెట్టినావు" అన్నాడు చివరికి. "రంపం ఏంటికి పెట్టినావురా ఎర్రోడా? సరేసు బలానికి లొంగుతాదా, వేడికి లొంగుతాదా?"

"వేడికి."

"మరి సూది కాల్సి పెట్టు. నీళ్ళు పోయొద్దు, బిళ్ళ లేస్తాది. ఉత్త వేడే. ఆరోదన్నా బతికించుకో." రెండడుగులు వేసి ఆగాడు. "ఎవురిది ఇది?"

"మా మామది. పాటలు పాడతాడు."

"ఆ ముసలాయనా? పోయిన సలికాలం మన వీధిన పోతా పాడె" అన్నాడు సిద్దప్ప. వీధి దాటి తన పనిలోకి పోయాడు.

కాల్చిన సూదితో ఆరో గాడిలోంచి బంకను చీమ తలంత చీమ తలంత తీయడానికి ఒక పగలంతా పట్టింది. గాడి బతికింది. ఇంకా నాలుగు బిళ్ళలు ఉన్నాయి, తొమ్మిది రోజులు ఉన్నాయి, బంక అంటే యేసేపుకు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి భయం పుట్టింది. రుద్దకపోయినా, ఉబికిన బంక దానంతటదే గాళ్ళలోకి జారుతుంది. ఒక పాత కొయ్యముక్కకు గాడి కోసి పరీక్ష చేశాడు. గాడిలో కాగితం మడిచి పెట్టాడు. కాగితం బంక తాగి అక్కడే ఉండిపోయింది. దారం పెట్టాడు. దారమూ అంతే. కొయ్యపుల్ల చెక్కి పెడితే గాడికంటే లావు, ఇంకా చెక్కితే విరిగింది.

మిల్లులో పని దిగి వచ్చిన దానమ్మ, తలలో దూది కూడా దులుపుకోకుండా వాకిట్లో నిలబడి చూసింది.

"ఏందయ్యా, నిన్నట్నుంచి ఆ సందుల్తో కొట్లాడతాండావు?"

"సందులు గాదే. గాళ్ళు. అవి ఉత్తగా ఉండాల. బంక పోగూడదు."

"సందులు ఉత్తగా ఉండాలని నీ నోట్నుంచి వస్తాందే! వాన పడతాదేమో, గుడ్డలు లోపలెయ్యాల."

"ఎగతాళి సేయొద్దు దానమ్మా. మీ చిన్నాయన నోరు మూసేసేట్టుండాను."

దానమ్మ కూర్చుంది. గిటారు మెడ మీద గాళ్ళను వేలితో తడిమింది. ఎమ్మిగనూరులో ఆమె పదేళ్ళ పిల్లప్పటినుంచి పెళ్ళయ్యేదాకా సాలెవాళ్ళ ఇండ్లలో కండెలు చుట్టింది.

"పన్నె సూసినావా నువ్వెప్పుడన్నా?"

"మగ్గంలో దువ్వెన మాదిరి ఉంటాదే, అదా?"

"అదే. పుల్ల పుల్లకీ సందు. సందుకో పోగు. ఆ సందులు నీ మాదిరి ఎవురన్నా పూడ్సినారంటే నూలు యాడ దూరాల, గుడ్డ యాడ రావాల? పన్నెపుల్లలు ఎంత సన్నగుంటాయో తెల్సా? సాలోళ్ళు గంజి పెట్టేటప్పుడు సూసినా. గంజి ఆ పుల్లలకి అంటదు. నున్నగా నూనె పట్టించి ఉంటాయి." లేచి నిలబడింది. "ఇప్పుడందురూ ఇనప పన్నెలు కొంటాండారు. పాత పన్నెలు మా అమ్మోళ్ళ వీధిలో పొయ్యిల్లో పెడతాండారు. రేపు పోయొస్తా."

పొద్దున్నే బస్సెక్కి పోయి, మధ్యాహ్నానికి ఒక మూర పొడుగు విరిగిన పన్నె చంకలో పెట్టుకుని వచ్చింది. కట్లు తెంపితే పుల్లలు జల్లుమని రాలాయి. ఎండిన వెదురు పలుచటి బద్దలు, ఎన్ని తరాల నూలు రాసుకుపోయిందో, గాజులాగా నున్నగా ఉన్నాయి. యేసేపు ఒకటి తీసి గాడిలో పెట్టాడు. గాడి కోసమే పుట్టినట్టు దిగింది.

కొవ్వొత్తి ముక్కలు కరిగించి పుల్లలను మైనంలో ముంచి ఆరబెట్టాడు. పరీక్ష కొయ్యముక్క గాడిలో పుల్ల దిగ్గొట్టి, పైన బంక పోశాడు. బంక తామరాకు మీద నీళ్ళలాగా పుల్ల మీదినుంచి జారి పక్కకు పోయింది. పూర్తిగా గట్టిపడక ముందే, ఇంకా జున్నులా ఉన్నప్పుడే, పట్టకారుతో పుల్ల పీకాడు. గాడి లోపల పొడిగా, శుభ్రంగా, ఉత్తగా ఉంది. ఉత్త సందును చూసి యేసేపు ముఖం విప్పారింది. ఇరవై ఏళ్ళలో దానమ్మ అలాంటిది చూడలేదు.

"సరే. ఇంగ చెయ్యి ఇట్ల ఇయ్యి" అంది.

"ఏంటికి?"

"ఇయ్యమంటి గదా." పాత చీర పేలిక చింపి అతని కుడి బొటనవేలికి నాలుగు చుట్లు చుట్టి, గట్టిగా ముడేసింది. "నీకు బుద్ధుండాది గానీ, దీనికి లేదు. చిన్నాయన పాట అయిపోయేదాకా ఇది కట్లోనే ఉంటాది."

"మంది నవ్వరా దానమ్మా?"

"దెబ్బ తగిలిందని సెప్పు. అబద్ధమేం గాదు."

ఆ కట్టుతోనే మిగిలిన నాలుగు బిళ్ళలు పొదిగాడు. రోజుకొకటి. బిళ్ళకు అటొక పుల్ల, ఇటొక పుల్ల. బంక ఉబికినప్పుడల్లా బొటనవేలు తనంతట తాను లేచేది, కట్టు చూసి సిగ్గుపడినట్టు మళ్ళీ వంగేది. ఒక పుల్ల మాత్రం విరిగి గాడిలో ముక్క ఉండిపోయింది. దాన్ని తీయడానికి దానమ్మ తలలోని పిన్ను పనికొచ్చింది. గాజుపెంకుతో గీకి చదును చేసి, మెట్లన్నీ ఒక్కోటీ తట్టి దించాడు. అన్నీ కూర్చున్నాయి. ఏడోది తప్ప. దాని గాడిలో పన్నెపుల్ల చీలిక ఒకటి అడుగున పెట్టి చూశాడు. ఊగడం తగ్గింది గానీ, 'జర్ర్' పోలేదు. ఆ పలక మార్చాలంటే అలాంటి కొయ్య ఆదోనిలో లేదు, పండగ మూడు రోజుల్లో ఉంది.

భార్యాభర్తలు ఇద్దరూ గిటారు తీసుకుని ఎమ్మిగనూరు పోయారు. ఏసన్న వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నాడు. గిటారును ఒళ్ళో పెట్టుకుని మెడను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. తర్వాత చేయి చాచినంత దూరం పెట్టాడు.

"అగుపిస్తాండాయి" అన్నాడు. "అమ్మీ దానీ, అయిదూ అగుపిస్తాండాయి!"

"మామా" అన్నాడు యేసేపు. "ఒక మెట్టు సెడగొట్టినా. ఏడోది. నా చేత్తోనే. ఆడ నొక్కితే జర్రుమంటాది. ఇంగ బాగయ్యేది లేదు."

ఏసన్న ఏడో మెట్టు వెతికి నొక్కి మీటాడు. జర్రుమంది. ఇంకోసారి మీటాడు. యేసేపు నేల చూపులు చూస్తున్నాడు. ముసలాయన నోరు తెరిచి చూపించాడు.

"లెక్కబెట్టు. యాడేడ పండ్లు లేవో సూడు. నాకు పాట ఆగిందా? ఒక్కటే గదా పోయింది." ఆ తర్వాత యేసేపు చేతిని చూశాడు. "వేలికేమి?"

"దెబ్బ తగిలింది చిన్నాయనా" అంది దానమ్మ, మొగుడు నోరు తెరవకముందే.

పండగనాడు గుడి నిండా జొన్న కంకులు, గుమ్మడికాయలు, శనగ మూటలు. అయ్యవారు హార్మోనియం ముందు ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. పెద్దలు ముందు వరసలో ఉన్నారు. మర్యాదస్థులు ఎక్కడున్నా ముందు వరసలోనే ఉంటారు. ఏసన్న లేచి నిలబడ్డాడు. యేసేపు చివరి వరసలో గోడకు ఆనుకుని ఉన్నాడు.

పాట మొదలైంది. అందరికీ తెలిసిన పాటే, ఏసన్న నేర్పిన పాటే. నల్లపలక మీద తెల్లబిళ్ళలు మెరుస్తున్నాయి, ముసలి చేయి ఒక బిళ్ళనుంచి ఇంకో బిళ్ళకు, వాగులో రాళ్ళ మీద నడిచినట్టు, తడబడకుండా పోతోంది. ఏడో మెట్టు రావలసిన చోట ఏసన్న దాని మీద కాలు పెట్టలేదు. పైమెట్టుకు దాటేశాడు, గొంతునూ దానితో పాటే దాటించాడు. పాట అక్కడ చిన్నగా ఎగిరింది. రెండో చరణానికి ఆడవాళ్ళు కూడా అక్కడ ఎగిరారు. వాళ్ళకు ఏసన్న ఎట్లా పాడితే అదే పాట.

అయ్యవారు పుస్తకంలో ఉన్నట్టే వాయిస్తున్నాడు. మొదటిసారి హార్మోనియం ఆ స్వరం పలికితే, గుడి మొత్తంలో అదొక్కటే పలికింది. ఒంటరిగా, తప్పు చేసినట్టు. అయ్యవారు చుట్టూ చూశాడు. రెండోసారీ అంతే. మూడో చరణంలో ఆ చోటు వచ్చేసరికి ఆయన కూడా వేలెత్తి, అందరితో పాటు దాటేశాడు.

కూటం అయ్యాక విశ్రాంతి మాట ఎవరూ ఎత్తలేదు. "వచ్చే ఆదివారం కాస్త ముందుగా రాండి ఏసన్నా, అయ్యవారికి ఆ వరస సెప్పాల" అన్నాడు ఒక పెద్ద, అదేదో తమ ఆలోచన అయినట్టు.

వచ్చే ఆదివారానికి ఇంకా వారం ఉంది. ఏసన్న మరునాడే గిటారు భుజాన వేసుకుని హాలహర్వి దారి పట్టాడు. ఆ పక్క ఊళ్ళలో ఇప్పుడా పాటను అందరూ ఆ చోట ఎగిరే పాడతారు, పుస్తకం చదవడం వచ్చినవాళ్ళు కూడా.